హుండీ లేని తీరం

మైపాడు ఒడ్డున చేపల వేలం ఎండెక్కేలోపే అయిపోతుంది. బోటు ఇసుక తాకగానే పది మంది భుజాలు ఆనించి పైకి నెడతారు. వల దులిపి చేపల్ని కుప్పలు పోస్తారు. పాట పాడే మనిషి ఒక్కో కుప్ప ముందు నిలబడి గుక్క తిప్పుకోకుండా రేటు పెంచుకుంటూ పోతాడు. పాట దక్కినవాళ్ళు గంపలకెత్తుకుని ఆటో వైపు పరుగు తీస్తారు. ఆ తర్వాత ఒడ్డున మిగిలేది తడి ఇసుక, పొలుసులు, నాలుగు కాకులు. సరిగ్గా అప్పుడే నెల్లూరు నుంచి కార్లు రావడం మొదలవుతుంది.

ఒక ఆదివారం అక్కడ ఒక పెద్దామె దగ్గర వంజరం చేప బేరం చేస్తుంటే, డబ్బులు లెక్కపెట్టుకుంటూ ఆమె అంది: "ఈ పొద్దు వండి మూత పెట్టేయి నాయనా. రేపు పొద్దున తిను. అప్పుడు గదా అది పులుసయ్యేది."

నెల్లూరుకి మైపాడు పాతిక కిలోమీటర్లు. వచ్చినవాళ్ళు అలల్లో దిగుతారు, ఫొటోలు తీసుకుంటారు, కాల్చిన మొక్కజొన్న కండె తింటారు, పొద్దు వాలగానే బయల్దేరతారు. వాళ్ళ ఆ రోజు ఖర్చులో పెట్రోలు బంకుకి ఎంత, టౌనులో హోటలుకి ఎంత, ఆ పల్లెకి ఎంత? కండెలమ్మిన మనిషికి, కారు నిలిపిన చోట కుర్రాడికి నాలుగు రూపాయలు. తెల్లవారుజామున ఆ ఒడ్డుకి ప్రాణం పోసిన బోటువాళ్ళకి ఏమీ లేదు. వాళ్ళ పని చూడటానికి ఎవరూ రాలేదు, అలాంటిదొకటి ఉందని వచ్చినవాళ్ళకి చెప్పేవాళ్ళూ లేరు.

మన దగ్గర యాత్ర అంటే మొదట గుడే గుర్తుకొస్తుంది. అందులో తప్పేమీ లేదు. నెల్లూరులో రంగనాథుడు, జొన్నవాడలో కామాక్షమ్మ, సూళ్ళూరుపేటలో చెంగాళమ్మ, అడవిలో పెంచలకోన, ఇటు గొలగమూడి, అటు కసుమూరు దర్గా. తిరుపతి దారిలో వచ్చే జనం సరేసరి. ఈ యాత్రలు ఏళ్ళ తరబడి ఎవరి పథకమూ లేకుండానే ఎలా నడుస్తున్నాయో ఒక్కసారి ఆలోచిస్తే ఒక సంగతి తెలుస్తుంది. గుడికి పంచాంగం ఉంది, ఏ తిథిన రావాలో అందరికీ తెలుసు. గుడికి హుండీ ఉంది, వచ్చినవాడు ఇచ్చింది గుడికే చేరుతుంది. గుడికి ధర్మకర్తలున్నారు, ఏది ఎప్పుడు తెరవాలి, ఎక్కడిదాకా రానివ్వాలి, ఏది పవిత్రం అన్నది వాళ్ళు చెబుతారు. ఆ మూడింట్లో ఒక్కటి తీసేసినా గుడి రాతికట్టడంగా మిగులుతుంది.

ఉప్పుమడికి ఈ మూడూ లేవు. పడవకీ లేవు, మగ్గానికీ లేవు, కొంగలు వాలే చెరువుకీ లేవు. తీరంలో తీర్థయాత్రకి అవతల ఉన్న వారసత్వమంతా ఇలా దిక్కులేకుండా పడి ఉంది.

ఆ వారసత్వం చిన్నదేమీ కాదు. 18వ శతాబ్దం చివర్లో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి ఇటుకల కట్టడం అడ్డుపడింది. తవ్వి చూస్తే శిథిలమైన చిన్న గుడి, దాని కింద ఒక కుండ, కుండలో రోమన్ బంగారు నాణేలు. క్రీస్తు శకం రెండో శతాబ్దపు రోమన్ చక్రవర్తుల నాణేలు అవి. ఈ ఒడ్డున ఎవరెవరు దిగారో, ఏమేం కొన్నారో ఊహించుకోవడానికి ఆ కుండ ఒక్కటి చాలు. ఇంకా దక్షిణంగా వెళితే దుగరాజపట్నం. 1626లో ఈస్టిండియా కంపెనీ వాళ్ళు అక్కడ ఒక వ్యాపార స్థావరం కట్టుకుని అర్మగాన్ అని పిలిచారు. ఆ పేరు ఆరుముగం మొదలియారు పేరు మీదుగా వచ్చిందంటారు. అక్కడ ముఖ్యుడిగా ఉన్న ఫ్రాన్సిస్ డే తర్వాత దక్షిణంగా కదిలి 1639లో మద్రాసు స్థలం సంపాదించాడు. చెన్నపట్నం కథకి మొదటి పేజీ నెల్లూరు తీరంలో ఉంది. చెన్నైలో ఆ కంపెనీ కట్టిన కోటని చూడటానికి టికెట్టు కొనే మనం దుగరాజపట్నం పేరు కూడా విని ఉండం.

ఇక బకింగ్‌హాం కాలువ. 1806లో బాసిల్ కాక్రేన్ అనే ఆయన మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్వించిన చిన్న కాలువ ఏళ్ళ తరబడి ఉత్తరంగా పాకుతూ నెల్లూరు తీరమంతా నిలువునా సాగింది. 1876-78 ధాత కరువులో మద్రాసు నగరంలో తెగి ఉన్న ముక్కని కరువు కూలీలతో తవ్వించి కలిపారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు కాబట్టి ఆ పేరు పడింది. ఆకలితో చనిపోతున్న జనం తవ్విన కాలువకి ప్రభువు పేరు మిగిలింది. ఉప్పు, బియ్యం, సర్వి కట్టెలు, మనుషులు ఆ నీళ్ళ మీద పడవల్లో మద్రాసు చేరేవారు. రైలు, లారీ వచ్చాక కాలువ పూడింది. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు ఆ పూడిన కాలువే అలల పొగరు కొంత మింగి వెనకనున్న పల్లెల్ని కాచింది. సరుకు రవాణాకి తీసిన కాలువ ఊరికి గోడ కట్టినట్టయింది. దీని ఒడ్డున ఒక చిన్న పలక పెట్టి ఈ నాలుగు ముక్కలు రాస్తే చదవని పిల్లవాడు ఉండడని నా నమ్మకం.

మైపాడు వెళ్ళే దారికి దగ్గర్లోనే పెన్న ఒడ్డున పల్లెపాడు ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ అక్కడ పినాకిని సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య నిలబెట్టిన ఆశ్రమం అది. భూమి ఇచ్చింది పొట్లపూడి పొణకా కనకమ్మ, భవనానికి డబ్బు ఇచ్చింది దక్షిణాఫ్రికాలో గాంధీకి తోడు నిలిచిన పార్సీ వర్తకుడు రుస్తుంజీ. పుచ్చలపల్లి సుందరయ్య పుట్టిన అలగానిపాడు కూడా ఈ చుట్టుపక్కలే. ఒకే మండలాల గుంపులో గాంధేయులు, కమ్యూనిస్టులు, బాలికల విద్య కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టిన రైతు ఇంటి కోడలు కనకమ్మ. ఆదివారం కార్లలో ఎన్ని ఇక్కడ ఆగుతాయి?

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని అనడం అన్యాయం. 2015-16లో కేంద్రం స్వదేశ్ దర్శన్ పథకం కింద నెల్లూరు తీరానికి ప్రత్యేకంగా ఒక పర్యాటక వలయం మంజూరు చేసింది. నెల్లూరు చెరువు, పులికాట్ సరస్సు, ఉబ్బలమడుగు జలపాతం, నేలపట్టు, కొత్తకోడూరు, మైపాడు, రామతీర్థం, ఇసకపల్లి అందులో ఉన్నాయి. ఆ జాబితా చూస్తే సంతోషం కలుగుతుంది, ఎందుకంటే గుళ్ళని దాటి ఆలోచించారు. కానీ ఇలాంటి పథకాల లెక్కకి వచ్చేది దారి, దీపం, గదులు, బోటు జెట్టీ, మరుగుదొడ్డి. అవి కావాలి, నిజమే. వాటికి టెండరు పిలవొచ్చు, కొలవొచ్చు, బిల్లు చెల్లించొచ్చు. ఇసకపల్లి ఉప్పుమడిలో ఉప్పు గట్టిపడే ముందు పొరమీద వచ్చే మెరుపుని అతిథికి చూపించి, గోరుతో పెచ్చు లేపి నాలిక మీద పెట్టే మనిషికి టెండరు ఎలా పిలుస్తారు? ఆ మనిషి ఎప్పుడూ లెక్కలోకి రాడు. పర్యాటకం వచ్చాక కూడా అతను ఉప్పు కూలీగానే ఉంటాడు, పక్కన ఒక రిసార్టు వెలుస్తుంది.

జన భాగస్వామ్య పర్యాటకం అనే మాట విన్నప్పుడు చాలామందికి ఇదేదో సేవా కార్యక్రమం అనిపిస్తుంది. విషయం అంతకంటే సూటిగా ఉంటుంది. ఒక లెక్క వేసుకుందాం. పది మంది బృందం రెండు రోజులకి వచ్చి, మనిషికి రెండు వేలు ఖర్చు పెట్టారనుకుందాం. మొత్తం ఇరవై వేలు. బయటి కంపెనీ రిసార్టు అయితే ఊరికి దక్కేది గదులు ఊడ్చే ఇద్దరి కూలి, కాపలావాడి జీతం. కూరగాయలూ చేపలూ కూడా టౌను నుంచే వస్తాయి. అదే పది మంది ఐదు ఇళ్ళలో పడుకుని, వాళ్ళు వండింది తిని, వాళ్ళ పడవ ఎక్కి, వాళ్ళ కుర్రాడు దారి చూపిస్తే ఇరవై వేలూ ఊళ్ళోనే తిరుగుతాయి. అందులో పదో వంతు, అంటే రెండు వేలు, ఊరి ఉమ్మడి నిధికి తీస్తే అది ఇంటింటికీ అందే లాభం. అతిథి రాని ఇంటివాళ్ళకి కూడా ఇందులో వాటా ఉందని తెలిస్తేనే ఊరు కలిసి నిలబడుతుంది. తేడా అంతా ఇక్కడే ఉంది: ఎంతమంది వచ్చారన్నది కాదు, రాత్రి ఎక్కడ పడుకున్నారన్నది.

ఇల్లు పగలగొట్టి హోటలు కట్టనక్కర్లేదు. 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్ మత్స్యకారులు ఇంటి రూపం మార్చకుండా తమ ఇళ్ళలో అతిథుల్ని ఉంచుకోవడానికి వీలిస్తుంది. తీరాన్ని అమ్మకుండా తీరం మీద బతకడానికి ఇది దారి.

ఎక్కడైనా ఇది జరిగిందా అని అడిగేవాళ్ళకి మన పోచంపల్లి చూపించొచ్చు. మగ్గాల ఊరిగా, భూదానం పుట్టిన ఊరిగా చూడటానికి జనం వెళ్ళే ఆ ఊరిని 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. మారేడుమిల్లిలో గిరిజన వన సంరక్షణ సమితులు అతిథులకి బస నడుపుతున్నాయి. కానీ పులికాట్‌కి అచ్చంగా అద్దం పట్టేది ఒడిశాలోని చిలికా ఒడ్డున మంగళాజోడి. చిలికా దేశంలోకెల్లా పెద్ద ఉప్పునీటి సరస్సు, పులికాట్ రెండోది. మంగళాజోడిలో ఒకప్పుడు పక్షుల్ని వేటాడి మాంసం అమ్ముకోవడమే చాలా ఇళ్ళకి తిండి. 2000లో ఆ వేటగాళ్ళే కొందరు పక్షుల రక్షణ సంఘంగా ఏర్పడ్డారు. పక్షి ఎక్కడ గుడ్లు పెడుతుందో, ఏ గంటకి ఎగురుతుందో వేటగాడికంటే బాగా ఎవరికి తెలుసు? ఆ తెలివినే పడవెక్కిన అతిథికి చూపించి డబ్బు సంపాదించడం మొదలుపెట్టారు. 2018లో వాళ్ళ సంస్థకి ప్రపంచ పర్యాటక సంస్థ పురస్కారం వచ్చింది. మాంసం చేసుకుంటే పక్షి ఒక్కసారికే డబ్బు, చూపిస్తే ప్రతి చలికాలమూ డబ్బు అన్న లెక్క ఆ ఇళ్ళలో తేలింది.

పులికాట్ వైపు ఆ తెలివి కొరత లేదు. నేలపట్టు చెరువులో నీళ్ళలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుతాయి. 1976లో అది రక్షిత కేంద్రం కాకముందు నుంచీ ఊరివాళ్ళు వాటి జోలికి పోయేవాళ్ళు కాదు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పారితే పొలం బాగా పండుతుందని వాళ్ళ అనుభవం. పక్షి వస్తే వాన వచ్చినట్టే, పంట వచ్చినట్టే. ఇంతకంటే మంచి పర్యావరణ పాఠం ఏ బోర్డు మీదా రాయలేరు. అది చెప్పాల్సింది ఆ పొలం రైతే.

ఫ్లెమింగోల పండుగ 2001లో సూళ్ళూరుపేటలో మొదలైంది, మధ్యలో కొన్నేళ్ళు ఆగి 2025 జనవరిలో మళ్ళీ జరిగింది. బస్సులు, వేదిక, పాటలు, జనసంద్రం. పండుగ ఉండాలి, పిల్లలకి రాజహంసలు చూపించాలి. కానీ పక్షి ఉండేది దాదాపు ఆరు నెలలు, పండుగ మూడు రోజులు. మిగిలిన రోజుల్లో నలుగురైదుగురుగా, మెల్లగా, దూరం నుంచి చూసే అతిథులు వస్తే భీమునివారిపాళెం పడవవాళ్ళకి, ఇరకం దీవి ఇళ్ళకి ఎక్కువ మేలు, పక్షికి తక్కువ గోల. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు సూళ్ళూరుపేట వైపు తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. తీరం మాత్రం ఒక్కటే కాబట్టి అది ఎవరి పరిధి అన్న తగాదా పక్కన పెట్టి రెండు కలెక్టరేట్లూ దీని మీద కలిసి కూర్చోవాలి.

ఇప్పుడు తీరానికి ఒక పంచాంగం ఊహించండి. అక్టోబరు నుంచి మార్చి దాకా పులికాట్, నేలపట్టు. జనవరి నుంచి మార్చి లోపల రాత్రిపూట ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే సముద్రపు తాబేళ్ళు. దీపం లేకుండా, నిశ్శబ్దంగా, దూరంగా నిలబడి చూడగలిగితేనే. ఎండాకాలంలో ఉప్పుమడులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. ఆ అరవై ఒక్క రోజులూ బోట్లు ఒడ్డునే ఉంటాయి, వలలు బాగుచేసుకోవడమే పని, ఇంటికి ప్రభుత్వ సాయం తప్ప ఆదాయం లేదు. బడి సెలవులు కూడా సరిగ్గా అప్పుడే. మైపాడులో జనం కిటకిటలాడే రోజులు, పల్లె చేతులు ఖాళీగా ఉండే రోజులు ఒక్కటే. ఆ రెండింటినీ కలిపి చూసే ఏర్పాటు మాత్రం ఇంతవరకూ నా కంట పడలేదు. వల అల్లడం నేర్పడానికి ఒక పూట, బోటు ఎలా నిలుస్తుందో చెప్పడానికి ఒక పూట చాలు. శ్రీహరికోటలో రాకెట్టు ఎగిరే రోజులు ఈ పంచాంగంలో తిథి తెలియని పండుగల్లాంటివి. ఆ దీవికి వెళ్ళే రోడ్డు పులికాట్ మధ్యనుంచే పోతుంది. ఒకవైపు గులాబి రెక్కల గుంపు, ఇంకోవైపు నిప్పు కక్కుతూ లేచే రాకెట్టు. 2019 నుంచి మామూలు జనం కూడా గ్యాలరీలో కూర్చుని ప్రయోగం చూస్తున్నారు, చూసి వెంటనే చెన్నై బస్సెక్కుతున్నారు.

పంచాంగం దొరికింది, మరి హుండీ, ధర్మకర్తలు? వాళ్ళ కోసం దూరం పోనక్కర్లేదు. సారా మీద 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు తిరగబడ్డారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి మద్యనిషేధం దాకా వెళ్ళింది. దాని వెనకే 1993లో ఈ జిల్లాలోనే పొదుపులక్ష్మి మొదలైంది. రోజుకి ఒక్క రూపాయి. తాగుడు మీద పోయే డబ్బుని మిగిల్చి కూడబెట్టుకోవడం నేర్చిన ఆడవాళ్ళ జిల్లా ఇది. ఉమ్మడి డబ్బా, పుస్తకం, వంతులు, అప్పు వసూలు, తగాదా తీర్పు వాళ్ళకి అలవాటైన పని. అతిథి డబ్బు కూడా అలాంటి సంఘం చేతిలోకే రావాలి. మత్స్యకారుల పట్టపు పాళెంలో మగ పెద్దలు ఉన్నారు, వాళ్ళ దురాయికి, అంటే కట్టుబాటు మాటకి, ఊరు తలొగ్గుతుంది. ఎన్ని పడవలు ఏ వైపు పోవాలి, ఎప్పుడు పోకూడదు అన్న నియమం పెట్టగల శక్తి వాళ్ళకి ఉంది. కానీ డబ్బు, వంటగది, పడకగది విషయాలు ఆడవాళ్ళ చేతికి ఇవ్వకపోతే ఇది ముందుకు పోదని గట్టిగా చెప్పదలుచుకున్నాను. అతిథి భారమంతా మోసేది వాళ్ళే గనక.

ఇంకో సంగతి, చెప్పక తప్పనిది. ఊళ్ళో అందరి ఇంట్లోనూ అందరూ తింటారా? కులం అతిథి భోజనం దగ్గరికి వచ్చేసరికి పైకి తేలుతుంది. పట్టపు పాళెంలో, యానాది గుడిసెలో వండింది తినలేని అతిథిని ఊరు మర్యాదగా వద్దని చెప్పాలి. యానాదుల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. శ్రీహరికోట అడవిలో తరతరాలుగా బతికిన వాళ్ళలో చాలామంది అంతరిక్ష కేంద్రం వచ్చాక ఆ దీవి వదిలి రావాల్సి వచ్చింది. వెన్నెలకంటి రాఘవయ్య గారు వాళ్ళ కోసం జీవితం ధారపోసి, 1962లో వాళ్ళ మీద పుస్తకం రాశారు. మందు మొక్కలూ పాముల జాడలూ తెలిసిన ఆ మనుషుల్ని కెమెరా ముందు నిలబెట్టి చూపించడం పర్యాటకం కాదు. ఏది చెప్పాలో, ఏది దాచుకోవాలో, ఎంత తీసుకోవాలో వాళ్ళే తేల్చుకోవాలి. చెప్పనంటే అక్కడితో అయిపోయింది.

నెల్లూరులో మొహర్రం నాడు స్వర్ణాల చెరువులో జరిగే రొట్టెల పండుగ చూసినవాళ్ళకి నేను చెప్పబోయేది సులువుగా అర్థమవుతుంది. బారాషహీద్ దర్గా ముందు మోకాటిలోతు నీళ్ళలో వేలమంది నిలబడి రొట్టె మార్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె. కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు పుచ్చుకుంటారు. ముస్లిములో హిందువులో అడిగేవాళ్ళుండరు. తడి చీర కొంగులో రొట్టె దాచుకుని గట్టెక్కే మనిషి అక్కడ ప్రేక్షకురాలు కాదు, ఇచ్చిపుచ్చుకోవడంలో ఒక చెయ్యి. తీరానికి వచ్చే అతిథి కూడా ఇలా ఏదో ఒకటి ఇచ్చి, ఏదో ఒకటి పుచ్చుకుని పోతే బాగుంటుంది. ఒక పూట వల సర్ది ఇచ్చి పోవచ్చు, పల్లెపాడు ఆశ్రమంలో ఒక గంట చరఖా ముందు కూర్చుని పోవచ్చు.

మొదలుపెట్టడానికి కోట్లు అక్కర్లేదు. ఒక పల్లెలో ఐదు ఇళ్ళు, ఒక పొదుపు సంఘం, ఒక పడవ, ఊరి కథ చెప్పగల డిగ్రీ చదివిన ఒక అమ్మాయి. పల్లెపాడులో పగలు, కాలువ గట్టు మీద సాయంకాలం, మైపాడు ఇంట్లో రాత్రి. నాకు ఆ ఊళ్ళో అన్నిటికంటే ఆ రాత్రే ముఖ్యం. వంజరం ముక్కలు, చింతపండు, మామిడి బద్దలు వేసిన మట్టిచట్టి పొయ్యి దించి మూత పెట్టి, తెల్లారేదాకా అలాగే ఉంచుతారు. ఆ పెద్దామె మాట ప్రకారం పులుసు పులుసయ్యేది మర్నాడే. దాన్ని తినడానికి పొద్దున ఉండేవాళ్ళు ఎవరో ఉండాలి. ఆరోజు నేను వంజరం కవర్లో పెట్టుకుని, ఉండటానికి చోటు లేక, చీకటి పడకముందే నెల్లూరు బస్సెక్కాను.